టైరుకు గోతం ముక్క వేసిన పెద్దాయనకు కృతజ్ఞతలు

భైరవకోన దగ్గర నల్లమల అంచున, లారీల రొద లేని కంకర బాటలో సైకిల్ తొక్కుతుండగా, పదునైన రాయి తగిలి వెనక టైరు పక్కభాగం చీలిపోయింది. ట్యూబు మార్చినా ఆ చీలికలోంచి ఉబికి వస్తోంది. గొర్రెలు తోలుకువెళ్తున్న ఒక పెద్దాయన, నేను పిలవకుండానే మందను నీడకు మళ్లించి, భుజాన ఉన్న యూరియా గోతం అంచును కొడవలితో కోసి, నాలుగు మడతలు పెట్టి, టైరు లోపల చీలికకు అడ్డంగా అమర్చి, నేను గాలి కొడుతున్నంతసేపూ బయటినుంచి బొటనవేలితో అదిమి పట్టుకున్నారు. "గాలి ఎక్కువ కొట్టబాకు నాయనా" అన్నారు. గాలి కాస్త తక్కువుంటేనే అతుకు నిలుస్తుంది, కంకర మీద పట్టూ దొరుకుతుంది కనుక ఆ సలహా రెండు విధాలా సరైనదే. డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఆ అతుకుతోనే చంద్రశేఖరపురం చేరాను. ఆయనను ఎరిగినవారెవరైనా ఈ నాలుగు మాటలు చదివి వినిపిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.