మన గీత కార్మికుల సహకార సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, తోటి గీత కార్మిక సోదరులకు, మొదటిసారి సమావేశానికి వచ్చిన అక్కాచెల్లెళ్లకు నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనులను కార్యదర్శిగా మీ ముందు ఉంచుతున్నాను. ఈ ఏడాది మనల్ని విడిచి వెళ్లిన ఇద్దరు పెద్ద గీతగాళ్లను తలచుకుని మొదలుపెడుతున్నాను. వాళ్లు ఎక్కిన చెట్లనే ఇవాళ మన పిల్లలు ఎక్కుతున్నారు.

ముందుగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. ఒంట్లో బాగోకపోయినా ప్రతి మీటింగుకూ వచ్చిన అధ్యక్షులు బాబాయి గారికి, రాత్రిళ్లు కూర్చుని పుస్తకాలు రాసిన కోశాధికారికి, వర్షం వచ్చిన రోజున వరండా తాళం తీసిన బడి హెడ్‌మాస్టరు గారికి, కుర్చీల అద్దె తీసుకోని టెంట్‌హౌస్ తమ్ముడికి, బాణళ్లు, గరిటెలు ఇచ్చిన డ్వాక్రా మహిళలకు, డీజిలు డబ్బులతోనే వ్యాను తోలిన మా ఊరి డ్రైవరుకు, టీలు పోసిన అందరికీ సంఘం రుణపడి ఉంది.

ఈ ఏడాది మనం గొప్పగా చెప్పుకోవలసిన పని తాటి బెల్లం. డిసెంబరులో 18 మందిమి రాత్రంతా ప్రయాణం చేసి రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానానికి వెళ్లాం. తాటి మీద ఏళ్లుగా పరిశోధన చేస్తున్న చోటు అది. కుండ లోపల సున్నం ఎంత పూయాలి, నీరా, అంటే ఇంకా పులవని తియ్యటి తాటి రసం, పులవకుండా చల్లగా ఎలా దించాలి, పాకం ఏ దశలో తీయాలి, అన్నీ ఓపికగా చెప్పారు. మనలో అరవై దాటిన ఒక పెద్దాయన అక్కడి నీరా గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు తాగలేదు. తర్వాత ఒక్క గుక్క తాగి, "చిన్నప్పుడు మా నాన్న పొద్దు పొడవకముందే దించి నా నోట్లో పోసింది ఇదేరా" అన్నారు. ఆ మాట విన్నాక ఈ పని ఆపకూడదని నేను అనుకున్నాను.

సంక్రాంతి వెళ్లాక బాణలి పొయ్యి మీద పెట్టాం. మొదటిది అడుగంటింది. రెండోది రాయిలా బిగుసుకుంది. మూడోసారి ఒక వదిన పాకం చుక్క నీళ్లలో వేసి, వేలితో ఉండ చేసి చూసి, "ఇప్పుడు దించండి" అంది. కొబ్బరి చిప్పల్లో పోశాం. నల్లటి బెల్లం, చిప్ప తిరగేస్తే టక్కున ఊడి వచ్చింది. కిలో బెల్లానికి ఎనిమిది నుంచి పది లీటర్ల నీరా పడుతుంది. అంటే ఎంతమంది ఎన్ని చెట్లు ఎక్కితే ఆ బెల్లం వచ్చిందో మీరే లెక్క వేసుకోండి. ఫిబ్రవరి 4న రథసప్తమికి అరసవల్లి దారిలో బల్ల వేసుకుని కూర్చున్నాం. తెచ్చిన 40 కిలోలూ మధ్యాహ్నం కాకుండానే అయిపోయాయి. ఒక ముసలమ్మ అరకిలో కొనుక్కుని మళ్లీ వెనక్కి వచ్చి, మనవరాలు బాలింత అని ఇంకో అరకిలో పట్టుకెళ్లింది.

ఇప్పుడు నా మనసులో ఉన్న అసలు విషయం చెబుతాను.

2024 అక్టోబరులో మన ఆంధ్రప్రదేశ్‌లో మద్యం షాపులు మళ్లీ ప్రైవేటు వాళ్లకు ఇచ్చారు. రాష్ట్రం మొత్తం మీద 3,396 షాపులు. ఆపైన పది శాతం లెక్కన 340 షాపులు గీత కులాలకు కేటాయించి, లైసెన్సు ఫీజు సగానికి తగ్గించారు. యాత, శెగిడి, శ్రీశయన, సొండి, గౌడ, శెట్టిబలిజ అందరికీ అందులో వాటా వచ్చింది. కులానికి గౌరవం దక్కిందని మనమూ సంతోషించాం. మన సభ్యులు నలుగురు కలిసి దరఖాస్తుకు రెండు లక్షలు కట్టారు. ఒకరు భార్య గాజులు కుదువ పెట్టారు. లాటరీలో పేరు రాలేదు. ఆ రెండు లక్షలు తిరిగి వచ్చేవి కావు.

సరే, అదృష్టం అనుకుందాం. షాపు వచ్చిన మన కులం పిల్లవాడు ఒకరిని కలిశాను. మంచివాడు, కూర్చోబెట్టి అన్నీ చూపించాడు. సరుకంతా బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచి రావాలి. పెట్టె మీద లేబులు, మూత మీద స్టిక్కరు, ముందుగా కట్టిన చలానా. ఒక మూల రెండు కుండలు కల్లు పెట్టుకోవచ్చా అని అడిగాను. కుదరదు అన్నాడు. ఆ లైసెన్సులో కల్లు లేదు. అంటే గీత కులం పేరుతో వచ్చిన షాపులో గీసిన కల్లు అమ్మడానికి లేదు. షాపు మనది, సరుకు కంపెనీలది.

మన రాష్ట్రంలో 1986 నుంచి మద్యం హోల్‌సేలు మొత్తం కార్పొరేషన్ చేతిలోనే ఉంది. 1993లో సారా ఆగింది, 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ తర్వాత షాపులు ప్రైవేటువి అయ్యాయి, 2019లో ప్రభుత్వానివి అయ్యాయి, మళ్లీ ప్రైవేటువి అయ్యాయి. ఎన్ని మార్పులు వచ్చినా డిపో దారి అలాగే ఉంది. ఆ దారి పెట్టెల కోసం వేసినది. పొద్దున దించిన కల్లు పొద్దున్నే తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది, సాయంత్రానికి ఘాటవుతుంది, మర్నాటికి పారబోయాలి. దాన్ని గోదాములో పెట్టలేం, లారీ ఎక్కించలేం. ద్రాక్ష వైను చేసే చిన్న రైతులకే ఈ దారి కష్టంగా ఉంటే మన సంగతి చెప్పేదేముంది. 2022 జనవరిలో మహారాష్ట్ర మంత్రివర్గం, అక్కడి వైనరీల సరుకు సూపర్‌మార్కెట్లలో అమ్ముకోవచ్చని నిర్ణయించింది. పెద్ద గొడవ జరిగి అది ముందుకు సాగలేదు. సీసాలో ఏళ్లు నిలవ ఉండే సరుకుకే అల్మారాలో చోటు దొరకలేదు.

కేరళ చూడండి. అక్కడ బ్రాందీ, విస్కీ ప్రభుత్వ సంస్థ దుకాణాల్లో అమ్ముతారు. కల్లు షాపులు వేరు. పాలక్కాడు జిల్లా చిత్తూరు వైపు నుంచి పక్క జిల్లాలకు పర్మిట్ల మీద కల్లు వెళుతుంది. కల్లు షాపులోనే చేపల కూర, కర్రపెండలం పెడతారు, కుటుంబాలు కూడా వెళ్లి తింటాయి. కల్లు కార్మికుల సంక్షేమ నిధికి 1969 నుంచి చట్టం ఉంది. మనకు 2022–27 కల్లు పాలసీలో ప్రభుత్వానికి కట్టే అద్దెలు తీసేశారు, అది మేలే, కాదనను. కానీ పన్ను తీసేయడం వేరు, అమ్ముకునే చోటు ఇవ్వడం వేరు.

మన పాక దగ్గర ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. ఇటుక బట్టీల కూలీలు, లారీల వాళ్లు సాయంత్రం కల్లు పాకలో గంటసేపు కూర్చునేవారు. ఇప్పుడు 99 రూపాయల క్వార్టరు జేబులో పెట్టుకుని నిలబడే తాగి వెళ్లిపోతున్నారు. బెల్టు షాపు పాకకు వంద గజాలు కూడా లేదు. రెండుసార్లు ఫిర్యాదు రాసి ఇచ్చాం. ఒకసారి అధికారులు వచ్చి మన పాకనే తనిఖీ చేశారు. మన కుండల్లో ఏమీ దొరకదు. మత్తుమందు కలిపే పాపం ఈ సంఘంలో ఎవరూ చేయరు, చేస్తే సభ్యత్వం పోతుందని మన తీర్మానమే ఉంది. అయినా ఊరందరి ముందూ కుండలు వంచి చూడడం చాలా బాధ కలిగించింది.

చెట్టు మీద నుంచి పడిన మన తమ్ముడి విషయం. గత మే నెలలో పడ్డాడు, నడుం విరిగింది. కాగితాలు పట్టుకుని నేను తొమ్మిదిసార్లు ఒక ఆఫీసుకు తిరిగాను. ఒకసారి ఫొటో లేదన్నారు, ఒకసారి సారు క్యాంపులో ఉన్నారన్నారు, ఒకసారి మెడికల్ సర్టిఫికెట్టు మీద సీలు సరిగా పడలేదన్నారు. ప్రాణం పోతే పది లక్షలని పాలసీలో రాశారు. బతికి మంచం మీద ఉన్నవాడికి మందుల టెన్షన్ రోజూ ఉంటుంది. సభ్యులు వేసుకున్న చందాలతో మూడు నెలలు గడిచింది, ఆపైన వాళ్ల అత్తవారే చూసుకుంటున్నారు. తెలంగాణలో 2024 జూలైలో కాటమయ్య రక్ష పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. అటువంటి మోకులు, అంటే చెట్టు ఎక్కే తాళ్లు, మనకూ ఇవ్వాలని వినతిపత్రం ఇచ్చాం. రసీదు ఉంది, జవాబు రాలేదు.

తాటి టెంకలు నాటడం గురించి రాయకుండా ఉండలేను. చెరువు గట్టు మీద చెట్లు సగం పోయాయి. తుపాన్లకు కొన్ని, ప్లాట్లు వేసి కొన్ని. సెప్టెంబరులో టెంకలు ఏరి, గోతులు తీయడానికి ఆదివారం పెట్టాం. వాట్సాప్ గ్రూపులో వస్తామని బొటనవేలు పెట్టినవారు 31 మంది. పలుగు పట్టుకుని వచ్చినవారు ఆరుగురు, వారిలో ఇద్దరు బడి పిల్లలు. ఆరుగురం 140 టెంకలు నాటాం. ఇప్పుడు నాటిన టెంక గెల వేయడానికి పదేళ్లు పైనే పడుతుంది. నేను ఆ చెట్టు ఎక్కను, మీ పిల్లలు ఎక్కాలి. అందుకే కోపంగా అడుగుతున్నాను, ఆ రోజు ఎక్కడున్నారు?

జమాఖర్చులు: ప్రారంభ నిల్వ, చందాలు, బెల్లం మీద వచ్చినది కలిపి 61,350 రూపాయలు. ఖర్చు 54,900. పట్టిక పాక గోడకు అంటించాం, అనుమానం ఉన్నవారు కోశాధికారిని అడగవచ్చు. చందా బకాయి ఉన్న 14 మంది పేర్లు ఇక్కడ చదవడం లేదు.

ఈ సమావేశం ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాను. గీత కులాలకు ఇచ్చిన షాపుల పక్కనే, వేరే లైసెన్సుతోనైనా, కల్లు అమ్ముకోవడానికి చోటు ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరడం ఒకటి. పెద్ద బాణలి, తూకం, పొయ్యి కొనడానికి మనిషికి 500 చొప్పున వేసుకోవడం రెండోది. చేతులెత్తే ముందు రెండింటి మీదా మాట్లాడండి, ఆ తర్వాత వెనుక మాట్లాడుకోవద్దు.

వచ్చే ఆదివారం పొద్దుటి గీత అయ్యాక అందరూ మోకులు, కాళ్ల బంధాలు పట్టుకుని పాక దగ్గరకు రండి. పాతవి, నలిగినవి ఎవరివైనా సరే అక్కడే పక్కన పెట్టేస్తాం. కొత్త తాడు సంఘం ఖర్చు మీద తెచ్చి ఉంచాను. రాలేనివారు శనివారం సాయంత్రంలోగా నాకు ఫోను చేయండి, నేనే ఇంటికి వచ్చి చూస్తాను.

కార్యదర్శి