అంకెల్ని కొట్టిపారేయకండి, విడమరిచి చెప్పండి

అయ్యా,

తెలుగు క్రికెట్ వ్యాఖ్యానంలో ఒక ధోరణి కొన్నాళ్లుగా బాధ కలిగిస్తోంది. తెర మీద గెలుపు అవకాశాల శాతమో, బ్యాటర్ ఎన్ని బంతుల్ని అదుపులో ఆడాడన్న లెక్కో కనిపించగానే, ఇవన్నీ గ్రౌండ్‌లో పనికిరావని నవ్వేస్తారు. లేదంటే అంకె చదివేసి ఊరుకుంటారు. అదెలా వచ్చిందో, దాన్నిబట్టి ఆటలో ఏం గమనించాలో చెప్పేవారు తక్కువ.

2024 టీ20 ప్రపంచకప్ ఫైనల్‌నే తీసుకోండి. దక్షిణాఫ్రికాకు 30 బంతుల్లో 30 పరుగులు చాలు, చేతిలో ఆరు వికెట్లున్నాయి. అక్కడి నుంచి మనం ఏడు పరుగులతో గెలిచాం. చూశారా, అంచనాలు ఎలా తలకిందులయ్యాయో అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. గెలుపు అవకాశం పది శాతం ఉందంటే ఓటమి ఖాయమని కాదు కదా! అలాంటి మ్యాచ్‌లు పది ఆడితే ఒకటి గెలవొచ్చని. ఆ ఒక్కటి మన చేతికి ఎలా వచ్చిందో చెప్పేదీ లెక్కే. వికెట్లు చూస్తే హార్దిక్‌కు మూడు, బుమ్రాకు రెండు. దక్షిణాఫ్రికా బ్యాటర్ క్లాసెన్‌ను ఔట్ చేసిన హార్దిక్ ఘనత చిన్నదేమీ కాదు. అయితే బుమ్రా 16, 18 ఓవర్లలో ఇచ్చింది మొత్తం ఆరు పరుగులే. మధ్యలో హార్దిక్ ఇచ్చింది నాలుగు. బంతికో పరుగు చాలనుకున్న జట్టుకు చివరి రెండు ఓవర్లలో 20 కావాల్సి వచ్చింది. టెన్షన్ అంతా ఆ పరుగులు రాని బంతుల్లోనే పుట్టింది. దీన్ని తెలుగులో చెప్పడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు.

బ్యాటింగ్ సగటు విషయమూ అంతే. చేసిన పరుగుల్ని ఔటైన సార్లతో భాగిస్తే వచ్చేదే సగటు. టీ20లో 200 ఛేదిస్తున్నప్పుడు 40 బంతుల్లో 45 చేసి నాటౌట్‌గా నిలిస్తే సగటు పెరుగుతుంది, జట్టు ఓడిపోవచ్చు. ఈ తేడా చెప్పకుండా అతన్ని నమ్మకమైన బ్యాటర్ అని పొగిడితే చూసేవాళ్లు ఆటను తప్పుగా అర్థం చేసుకుంటారు.

ఇంగ్లిష్ వ్యాఖ్యానం అర్థమయ్యేవారు ఆ ఛానల్‌కు మారిపోతారు. చిన్న ఊళ్లలో ఆట నేర్చుకుంటున్న పిల్లల్లో చాలామందికి తెలుగు వ్యాఖ్యానమే కోచింగ్. వాళ్లకు ప్రాసలు, సినిమా డైలాగులు సరిపోతాయని ఎందుకు అనుకోవాలి? వాన పడిన మ్యాచ్‌లో లక్ష్యాన్ని సవరించే డక్‌వర్త్-లూయిస్ లెక్క ఎంత చిక్కుదైనా, వాన పడితే ఇప్పుడెంత స్కోరు ఉండాలని మనవాళ్లు వెంటనే అడుగుతారు. అర్థమయ్యేలా చెబితే వినేవాళ్లు ఉన్నారు.

ప్రసారకర్తలు తెలుగు వ్యాఖ్యాన బృందంలో ఒక విశ్లేషకుడికి చోటివ్వాలి. ఇన్నింగ్స్ విరామంలో కాసేపు ఒకే ఒక్క లెక్క తీసుకుని, రీప్లేలు చూపిస్తూ వివరించాలి. మీ పత్రిక కూడా స్కోర్‌కార్డులో బౌలర్ల పేర్ల పక్కన డాట్ బాల్స్ (పరుగు రాని బంతులు) ఎన్నో వేయాలని కోరుతున్నాను.

– ఒక క్రికెట్ అభిమాని, గుంటూరు