లీగల్ టీం ఉందంటే చాలదండి, లాయరు గారి పేరు కూడా వెయ్యాలి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మా కోనసీమలో ఇప్పుడు ఏ రోడ్డెక్కినా కొబ్బరితోటల మధ్య వెంచర్ల ఫ్లెక్సీలేనండి, అన్నిట్లోనూ ఒకటే మాట, 25 ఏళ్ల అనుభవం, లీగల్ ఎక్స్‌పర్ట్స్ ఉన్న టీం అని. బ్రోచర్ తిరగేస్తే కోట్లు వేసుకున్న నలుగురి ఫొటోలుంటాయి గానీ ఎవరు ఎక్కడ ఏం పని చేసొచ్చారో ఒక్క ముక్క ఉండదు.

మా తోడల్లుడు కువైట్‌లో డ్రైవరండి, రావులపాలెం దగ్గర 200 గజాల ప్లాటుకి 50 వేలు అడ్వాన్స్ పంపించి కాగితాలు చూడమని నాకు చెప్పాడు. నేను వెళ్లి మీ లాయరు గారి పేరేంటండి అంటే సార్ హైదరాబాద్‌లో ఉంటారు అన్నారు, స్థలం కాగితాలు చూసి లాయరు రాసిన ఒపీనియన్ జిరాక్స్ ఇచ్చారు, తీరా చూస్తే కింద గీత లాంటి సంతకం తప్ప పేరు లేదు, లాయరుకి బార్ కౌన్సిల్ ఇచ్చే ఎన్‌రోల్‌మెంట్ నంబరు లేదు, పైగా అందులో ఉన్న సర్వే నంబరే వేరు. అమలాపురంలో మాకు తెలిసిన ప్లీడరు గారికి లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం పాత దస్తావేజులు చూపిస్తే పది నిమిషాల్లో పట్టేశారండి. తండ్రి పోయాక 2011లో ముగ్గురన్నదమ్ములు పంపకాలు రిజిస్టర్ చేయించుకున్నారు, మూడో పేజీలో, మా అక్కగారికి పెళ్లిలో పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం అని రాసుకున్నారు, ఆవిడ సంతకం మాత్రం ఎక్కడా లేదు. 2005 సవరణ వచ్చాక పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కుంది కదండీ, రేపు ఆవిడో ఆవిడ పిల్లలో కోర్టుకెళ్తే ప్లాటు కొన్నవాళ్లే తిరగాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసినా ఇది తెలీదు, అందులో రిజిస్టరయిన లావాదేవీలే వస్తాయి, సంతకం పెట్టని మనిషి పేరు రాదు. అడ్వాన్స్ ఇంకా తిరిగి ఇవ్వలేదు.

అలాగని అందరినీ ఒకే గాటన కట్టనండి. మండపేట వైపు ఇంకో వెంచర్లో రిటైర్డ్ సర్వేయర్ గారున్నారు, ఆయన ఎఫ్‌ఎంబీ, అంటే సర్వే కొలతల పటం, బల్ల మీద పరిచి స్కేలు పెట్టి, ఇదిగో బాబూ ఈ మూల మూడు ప్లాట్ల మీదుగా పంట బోదె పోతుంది, ఇప్పుడు పూడిపోయినా రికార్డులో అది పోరంబోకే, అందుకే ఈ మూడూ అమ్మట్లేదు అని ఆయనే చెప్పారు. అనుభవం అంటే అదండీ, అలాంటాయన పేరు పెద్దక్షరాల్లో వేసుకోవాలి.

ఇంకోటి, ప్రాక్టీసు చేసే అడ్వకేట్ స్వయంగా వ్యాపారం నడపకూడదని బార్ కౌన్సిల్ రూలుంది. మరి టీంలో లాయరంటే ఎవరండీ, లా చదివి ప్రాక్టీసు లేనాయనా, ఫీజు తీసుకుని ఒపీనియన్ రాసే ప్లీడరా, చెప్పాలి కదా. ఎవరైనా ఆయన రాసేది అమ్మేవాళ్ల తరపునే కాబట్టి కొనేవాళ్లు సొంతంగా ఇంకో ప్లీడరుకి చూపించుకోవాల్సిందే.

2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కి రిజిస్ట్రేషన్ ఉండాలి, అందులో ప్లాట్లు అమ్మించే ఏజెంటుకీ ఉండాలి, ప్రకటనలో రెరా నంబరు కనపడేట్టు వెయ్యాలి. పేపర్లో ప్రకటన చూసి, పేపర్లో వచ్చింది కదా అని నమ్మి డబ్బు పంపే గల్ఫ్ కుర్రాళ్లు మా ఊళ్లలో ఇంటికొకరున్నారండి. కాబట్టి లీగల్ టీం అని ప్రకటన ఇచ్చేవాళ్ల దగ్గర ఆ లాయరు పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, రిటైర్డ్ ఉద్యోగి అయితే ఏ శాఖలో ఏ హోదాలో చేశారో అడిగి, రెరా నంబరు పక్కనే అవి కూడా వేయించమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, అంబాజీపేట