ఏ షుగరో చెప్పకుండా సలహాలా?

సంపాదకుల వారికి,

పది రోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో, అన్నం మానేస్తే షుగర్ దానంతటదే దిగొస్తుందని, ఇన్సులిన్ అవసరమే ఉండదని రాశారు. ఏ షుగరో వ్యాసం మొత్తంలో ఎక్కడా లేదు. ఆ పేజీ కత్తిరించి నాకు తెచ్చిచ్చినవాళ్లు ముగ్గురు. మా ఆడపడుచు ఫోన్ చేసి, "పిల్లకి రోజూ నాలుగు సూదులెందుకు వదినా, అన్నం మాన్పించరాదా" అంది.

మా అమ్మాయికి పదమూడేళ్లు. తనది టైప్ 1 షుగర్. ఏడో ఏట నుంచి ఇన్సులిన్ మీదే ఉంది. ఆ కాగితం తనూ చదివింది. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే ఇన్సులిన్ వేసుకుని బడికెళ్లింది. రెండో పీరియడ్ ఆటలు. గ్రౌండులో ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. 70 కంటే తగ్గకూడని షుగర్ మీటర్లో 48 చూపించింది. ఇంకా స్పృహలోనే ఉంది గనుక, పక్కనున్న స్నేహితురాలు బ్యాగులోని గ్లూకోజ్ కలిపి తాగించింది. సాయంత్రం చెత్తబుట్ట తీస్తుంటే కాగితంలో చుట్టిన నాలుగు ఇడ్లీలు కనబడ్డాయి నాకు.

టైప్ 1లో ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. తిన్నా తినకపోయినా అది కొంతైనా బయటినుంచి ఇవ్వాల్సిందే. ఆగితే కీటోన్లు, అంటే కొవ్వు కరిగి రక్తంలో చేరే ఆమ్లాలు, పెరిగి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, చూస్తుండగానే ప్రాణం మీదికొస్తుంది. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లాడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. అంతకుముందు ఈ పిల్లలకున్న వైద్యం తిండి కోసేయడమే. ఎముకల గూళ్లయి పోయేవాళ్లు. వందేళ్ల తర్వాత మళ్లీ అదే మాటా?

తిండి చూసుకోవద్దని నేననను. మేమూ తూచే పెడతాం. వంద గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం, దానికి తగ్గ ఇన్సులిన్. పిండిపదార్థం బాగా తగ్గించిన తిండి ఈ పిల్లలకు పెట్టాలంటే డాక్టర్ల బృందం దగ్గరుండి చూడాలని 2023లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెప్పింది. మాకు ఆ లెక్క నేర్పేవాళ్లే దొరకరు. ఊరూరా పెట్టే షుగర్ పరీక్షలు ముప్పై దాటినవాళ్లకే. మా ఆరోగ్య కేంద్రంలో స్ట్రిప్పులడిగితే "పిల్లలకి షుగరేంటమ్మా" అంటారు. ఈ పిల్లలు పరీక్ష హాల్లోకి తినుబండారం తీసుకెళ్లొచ్చని సీబీఎస్ఈ 2017లోనే చెప్పింది. మా అమ్మాయి చదివే బడిలో మాత్రం ఇన్సులిన్ వేసుకోవాలంటే ఇప్పటికీ బాత్రూమే దిక్కు. ఇన్ని చాలవన్నట్టు ఇప్పుడు పత్రికల సలహాలు!

టైప్ 1 పిల్లలు డాక్టర్‌ని అడక్కుండా అన్నం గానీ ఇన్సులిన్ గానీ మానొద్దని అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. ఈసారి అది కత్తిరించి మా ఇంట్లో ఫ్రిజ్ మీద నేనే అంటిస్తాను.

— ఒక తల్లి, తెనాలి