విశ్వావసు ఏడాది వార్షిక నివేదిక: ఉదాహరణ ప్రోగ్రాములు, వాటి బిల్డ్ స్క్రిప్టులు, మిగతా పనులు

సభ్యులందరికీ నమస్కారం. పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా మన సంఘం ఏం చేసిందో, ఏం మిగిలిపోయిందో సర్వసభ్య సమావేశానికి వచ్చేలోపే అందరూ చదువుకుంటే అక్కడ మాట్లాడుకోడానికి టైం దొరుకుతుందని ముందే పంపిస్తున్నా. కడపలో ఉండేవాళ్ళు, ప్రొద్దుటూరు, పులివెందుల, రాయచోటి నుంచి వచ్చేవాళ్ళు, బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట మన తెలుగు సాఫ్ట్‌వేర్ లైబ్రరీకి కోడ్ పంపేవాళ్ళు, అందరికీ ఇదే నివేదిక.

ఏడాదంతా కొత్త ఫీచర్ ఒక్కటీ రాలేదేంది అని కొందరు అడిగినారు. నిజమే, రాలేదు. ఈసారి మన పనంతా ఉదాహరణల ఫోల్డర్ మీదే నడిచింది, అందులోనూ కోడ్ మీద కాదు, ప్రతి ఉదాహరణ పక్కన ఉండే బిల్డ్ స్క్రిప్టు మీద, అంటే కోడ్‌ని నడిచే ప్రోగ్రాంగా ఎట్లా కట్టాలో చెప్పే ఫైల్ మీద. ఇది చిన్న పని అని నేను అనుకోవట్లేదు, ఎందుకో చెప్తా.

మన లైబ్రరీ చేసే పని మీకు తెలిసిందే, తెలుగు పాఠాన్ని అక్షరాలుగా విడగొట్టడం, పదాల్ని వర్ణమాల వరసలో పేర్చడం, పద్యంలో గురువు లఘువు గుర్తుపెట్టడం. కొత్తగా వచ్చిన పిల్లోడు ముందు మాన్యువల్ చదవడు, నేరుగా ఉదాహరణల ఫోల్డర్ తెరుస్తాడు, తన పనికి దగ్గరగా ఉన్నదాన్ని మొత్తం కాపీ చేసుకుంటాడు, ఆ తర్వాత కోడ్ కొంచెం కొంచెంగా మార్చుకుంటూ పోతాడు, నెల తిరిగేసరికి మన కోడ్ లైను ఒక్కటి కూడా అందులో మిగలదు. బిల్డ్ స్క్రిప్టు మాత్రం అట్లే ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు, పని చేస్తోంది కదా అని వదిలేస్తారు. కాబట్టి మనం రాసినవాటిలో జనం దగ్గర ఎక్కువ కాలం బతికేది ఆ బిల్డ్ స్క్రిప్టే, అంటే సీమేక్ అనే బిల్డ్ టూల్ చదివే ఫైలే. అది తప్పుగా ఉంటే ఆ తప్పు అందరి ప్రాజెక్టుల్లోకీ పోతుంది.

ఏడాది మొదట్లో మన ఫోల్డర్ పరిస్థితి ఏందంటే, ఒక్కో ఉదాహరణ ఒక్కొక్కరు ఒక్కో కాలంలో రాసింది, ఎవరికి దొరికిన ట్యుటోరియల్ నుంచి వాళ్ళు మొదటి లైన్లు తెచ్చుకున్నారు. ఒకదాంట్లో కనీస సీమేక్ వెర్షన్ 2.8 అని ఉంది, ఇంకోదాంట్లో 3.1, మరోదాంట్లో 3.20. ఒకటి లైబ్రరీ హెడర్ ఫైళ్ళు ఎక్కడున్నాయో చేత్తో రాసుకుంటుంది, ఒకటి లైబ్రరీని వెతికిపెట్టే ఫైండ్ ప్యాకేజ్ అనే సీమేక్ ఆదేశం వాడుతుంది, ఒకటైతే పక్క ఫోల్డర్‌లో లైబ్రరీ సోర్స్ ఉంటుందని నమ్ముకోని రెండు మెట్లు పైకెక్కి వెతుకుతుంది. ఇన్నాళ్ళూ అన్నీ ఎట్లో నడిచినాయి. 2025 మార్చి ఆఖర్లో, సరిగ్గా ఉగాది ముందు, సీమేక్ 4.0 వచ్చింది, అందులో 3.5 కంటే పాత వెర్షన్ల కోసం రాసిన స్క్రిప్టుల్ని నడిపే ఏర్పాటు పూర్తిగా తీసేసినారు. 3.31లోనే 3.10 కంటే తక్కువ పెట్టుకున్నవాళ్ళకి హెచ్చరిక వస్తుండె, అది హెచ్చరికే కదా అని ఎవరూ చూడలేదు, 4.0లో 3.5 కంటే తక్కువ పెట్టుకున్నవాళ్ళకి అది నేరుగా ఎర్రర్ అయి కూర్చుంది. కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కోని కొత్త సీమేక్ వేసుకున్నవాళ్ళకి మన ఉదాహరణల్లో సగం ఆడతాయి సగం ఆడవు, ఏవి ఆడతాయో ముందే చెప్పే దారి లేదు. పాలసీ వెర్షన్ మినిమమ్ అని ఒక వేరియబుల్ బయటి నుంచి 3.5 అని ఇస్తే తాత్కాలికంగా దాటిపోవచ్చు, గ్రూపులో చానామందికి అదే చెప్పినాం, కానీ మొదటిరోజే కొత్తవాళ్ళకి అట్లాంటి చిట్కా నేర్పించడం మంచిది కాదు.

ఇంకోటి, నన్ను బాగా కదిలించింది, విండోస్ మీద అక్షరాలు లెక్కపెట్టే ఉదాహరణ. దాంట్లో "రాయలసీమ" అనే పదాన్ని యూ8 అని ముందు పెట్టిన స్ట్రింగ్‌గా ఇచ్చినాం, లెక్క 5 రావాల. రా, య, ల, సీ, మ, అయిదే కదా. ప్రొద్దుటూరు నుంచి ఒక విద్యార్థి విజువల్ స్టూడియోలో బిల్డ్ చేస్తే 21 వచ్చింది. లైబ్రరీ తప్పేమో అని మొదట లైబ్రరీ అంతా వెతికినారు. అసలు సంగతి ఏందంటే ఆ పదంలో యూనికోడ్ గుర్తులు 7, ర, దీర్ఘం, య, ల, స, ఈ గుడి, మ, ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు, మొత్తం 21. విజువల్ స్టూడియోలోని మైక్రోసాఫ్ట్ కంపైలర్‌కి స్లాష్ యూటీఎఫ్-8 అనే ఆప్షన్ ఇయ్యకపోతే, ఫైలు మొదట్లో ఇది యూనికోడ్ అని చెప్పే బామ్ గుర్తు కూడా లేకపోతే, అది సోర్స్ ఫైల్ని విండోస్ కోడ్ పేజీలో చదువుతుంది, మన దగ్గర మామూలుగా అది 1252, అందులో ప్రతి బైటూ ఒక లాటిన్ అక్షరం కింద లెక్క. లైబ్రరీ ఆ 21 లాటిన్ గుర్తుల్ని సరిగ్గానే లెక్కపెట్టింది పాపం. జీసీసీ, క్లాంగ్ అనే కంపైలర్లు సోర్స్‌ని యూటీఎఫ్-8 అనే అనుకుంటాయి కాబట్టి లినక్స్ మీద ఈ తేడా ఎన్నటికీ కనపడదు. పదాలు పేర్చే ఉదాహరణలో ఆ ఆప్షన్ ఉంది, గురులఘువుల దాంట్లో ఉంది, దీంట్లో లేదు. ఒక్క లైను తేడాకి ఆ పిల్లోడి రెండు సాయంత్రాలు పోయినాయి, తెలుగే కంప్యూటర్‌లో సరిగా నడవదేమో అనే అనుమానం కూడా వచ్చింది వాడికి, అది నాకు ఇంకా బాధ.

దీని తర్వాత అన్ని స్క్రిప్టులూ ముద్రించి టేబుల్ మీద పరిచి ఒక్కో లైన్‌కీ ఇది ఎవరి లైను అని అడుగుతూ పోయినాం. అట్లా అడిగితే మూడు రకాలు తేలినాయి. కొన్ని లైన్లు అసలు ఉదాహరణలో ఉండాల్సినవే కావు, లైబ్రరీవి. స్లాష్ యూటీఎఫ్-8 అట్లాంటిదే, సీ ప్లస్ ప్లస్ 17 కావాలనే లైను కూడా అట్లాంటిదే. వాటిని లైబ్రరీ టార్గెట్‌కే (సీమేక్‌లో లైబ్రరీకి పెట్టిన పేరు) పబ్లిక్‌గా తగిలించినాం, ఇప్పుడు ఎవరు లైబ్రరీని తమ ప్రోగ్రాంకి లింక్ చేసుకున్నా వాటంతట అవే వెంట వస్తాయి, ఉదాహరణల్లోంచి అన్నిచోట్లా కొట్టేసినాం. ఈ ఏడాది చేసిన మార్పుల్లో నాకు బాగా నచ్చింది ఇదే, పదిచోట్ల ఒకేలా ఉంచుకోవాల్సిన లైన్‌ని ఉండాల్సిన ఒక్కచోటికి పంపిస్తే ఇంక కాపలా కాయాల్సిన పనే లేదు. రెండో రకం అందరికీ ఉమ్మడివి, ప్రాజెక్ట్ పేరు, కనీస వెర్షన్, లైబ్రరీని వెతకడం, లింక్ చేయడం. మూడోది ఆ ఉదాహరణకి మాత్రమే కావాల్సినవి, ఉదాహరణకి థ్రెడ్లు వాడేదానికి థ్రెడ్స్ ప్యాకేజీ కావాల, అవి అట్లే ఉంచి పైన ఎందుకో ఒక కామెంట్ రాయాలని రూల్ పెట్టినాం.

ఉమ్మడి లైన్ల దగ్గరే పెద్ద వాదన జరిగింది, రెండు మీటింగుల్లోనూ తెగలేదు. ఒక వర్గం ఏమన్నారంటే, ఉమ్మడివన్నీ ఒక ఫైల్లో పెట్టి ప్రతి ఉదాహరణా దాన్ని ఇన్‌క్లూడ్ చేసుకుంటే సరి, ఒకచోట మారిస్తే అంతటా మారుతుంది అని. వాళ్ళ మాట ప్రోగ్రామర్‌గా చూస్తే నూటికి నూరుపాళ్ళు న్యాయం. రెండో వర్గం, ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు, ఒప్పుకోలేదు. పిల్లోడు ఒక్క ఫోల్డర్ కాపీ చేసుకోని పోతాడు, ఆ ఉమ్మడి ఫైల్ వెనకే ఉండిపోతుంది, బిల్డ్ మొదటి లైన్‌లోనే ఆగిపోతుంది, పైగా లోపల ఏం జరుగుతోందో స్క్రిప్టు చదివితే అర్థం కాదు, చదివి అర్థం చేసుకోడానికే కదా ఉదాహరణ అని వాళ్ళ వాదన. నేను రెండోవాళ్ళ వైపే ఉన్నా, చివరికి చేతులెత్తి చూస్తే అదే గెలిచింది. ప్రతి ఉదాహరణ ఫోల్డరూ ఒంటరిగా తీసుకపోయినా నిలబడాల, లైన్లు రిపీట్ అయినా సరే, ఆ రిపీట్ అయిన లైన్లు అక్షరం తేడా లేకుండా ఉండేటట్టు చూసే బాధ్యత మాత్రం మనిషిది కాదు, మెషిన్‌ది.

మనం ఒప్పుకున్న నమూనా స్క్రిప్టు చూసినవాళ్ళకి తెలుస్తుంది, ఊరికే పది లైన్ల పైచిలుకు. కనీస వెర్షన్ 3.16 అని పెట్టి మూడు చుక్కలు పెట్టి పై హద్దు కూడా రాసినాం, అట్లా రాస్తే కొత్త సీమేక్ కొత్త పద్ధతులే వాడుకుంటుంది. లైబ్రరీ టార్గెట్ అప్పటికే లేకపోతేనే ఫైండ్ ప్యాకేజ్‌తో వెతుకు అని ఒక ఇఫ్ ఉంది, దానివల్ల అదే స్క్రిప్టు మన రిపోజిటరీ లోపలా నడుస్తుంది, బయట ఒంటరిగానూ నడుస్తుంది. స్క్రిప్టు ఒంటరిగా నడుస్తోందా అని చెప్పే, 3.21లో వచ్చిన టాప్ లెవెల్ వేరియబుల్ వాడితే ఇంకా శుభ్రంగా ఉండేది, కానీ 3.16లో అది లేదు. లింక్ చేసేటప్పుడు టార్గెట్ పేరు మధ్యలో రెండు కోలన్లు ఉన్న రూపమే వాడాలని పట్టుబట్టినాం, దానికి కారణం ఉంది. కోలన్లు లేని పేరులో స్పెల్లింగ్ తప్పితే సీమేక్ దాన్ని ఏదో లైబ్రరీ పేరు అనుకోని, ప్రోగ్రాం ముక్కల్ని కలిపే లింకర్‌కి పంపేస్తుంది, బిల్డ్ అంతా అయినాక ఆఖర్న అర్థం కాని ఎర్రర్ వస్తుంది. కోలన్లు ఉంటే అట్లాంటి టార్గెట్ లేదు అని సీమేక్ మొదట్లోనే మొహం మీద చెప్పేస్తుంది.

కాపలాకి ఒక పైథాన్ స్క్రిప్టు రాసినారు మన రాజంపేట సభ్యులు. ఉదాహరణల ఫోల్డర్‌లోని ప్రతి సీమేక్ ఫైల్ని నమూనాతో పోల్చి తేడాలు చూపిస్తుంది, కామెంట్ లేని తేడా ఉంటే, కోడ్ మారినప్పుడల్లా తనంతట తానే బిల్డ్ చేసి చూసే సీఐ ఎర్రగా అవుతుంది. తేడా కనపడంగానే అదే దిద్దేసేటట్టు రాయమని కొందరు అడిగినారు, వద్దన్నాం. మన ఊళ్ళోనే బ్రౌన్ దొర తన బంగళాలో పండితులకి జీతాలిచ్చి ఒకే కావ్యానికున్న వేరువేరు రాతప్రతుల్ని పక్కపక్కన పెట్టించి పాఠభేదాలు గుర్తు పెట్టించి శుద్ధప్రతులు రాయించినాడు, ఆ బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేరు మీద లైబ్రరీ ఉంది. అక్కడ కూడా తేడా ఉందని కొట్టేయలేదు, ఏది లేఖకుడి తప్పు ఏది నిజమైన పాఠం అని మనిషి కూర్చొని చూసినాకే తేల్చినారు. మన దాంట్లోనూ అట్లే జరిగింది, గురులఘువుల ఉదాహరణలో వింతగా కనపడిన ఒక లైను తీసేయబోతే, ఆటవెలది గణాల పట్టిక ఉన్న డేటా ఫైల్ని బిల్డ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసేది అదేనని తేలింది. అది లేకపోతే ప్రోగ్రాం బిల్డ్ అవుతుంది, నడిపితే మాత్రం పట్టిక దొరకదు.

సీఐలో ఇంకో మార్పు చేసినాం, ఇంతకుముందు లైబ్రరీతో పాటే ఉదాహరణల్ని కూడా ఒకే బిల్డ్‌లో కట్టేవాళ్ళం. ఇప్పుడు లైబ్రరీని ముందు ఒక ఖాళీ చోట ఇన్‌స్టాల్ చేసి, ఆ తర్వాత ఒక్కో ఉదాహరణని బయటికి కాపీ చేసి, లైబ్రరీ ఎక్కడుందో చెప్పే ప్రిఫిక్స్ పాత్ మాత్రం ఇచ్చి విడిగా కడుతున్నాం, ఉబుంటు లినక్స్, విండోస్, మ్యాక్ మూడింటి మీదా. పెట్టిన రోజే ఇన్‌స్టాల్ జాబితాలో లేని ఒక హెడర్ దొరికింది, లోపలి బిల్డ్‌లో సోర్స్ ఫోల్డర్ పక్కనే ఉంటుంది కాబట్టి అది ఎప్పటికీ బయటపడేది కాదు. ఉదాహరణల పేర్ల జాబితా చేత్తో రాసుకోవడం కూడా మానేసి డిస్క్ మీద ఏ ఫోల్డర్ ఉంటే దాన్నల్లా కట్టమన్నాం, అట్లా చేస్తే జాబితాలో ఎక్కక ఎన్నాళ్ళుగానో కంపైలే కాని ఒక పాత ఉదాహరణ బయటికొచ్చింది.

మేక్‌ఫైళ్ళ సంగతి. కొన్ని ఉదాహరణల్లో సీమేక్‌తో పాటు, మేక్ అనే పాత బిల్డ్ టూల్ చదివే మేక్‌ఫైల్ కూడా ఉండె. 1976లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన మేక్ మీద నాకు గౌరవం ఉంది, కానీ రెండు దారులు పెట్టుకుంటే రెండూ సరిగ్గా ఉంచలేం. ఒకదాంట్లో లైబ్రరీ పేరు సోర్స్ ఫైల్ కంటే ముందు రాసినారు, అది ఫెడోరా అనే ఇంకో లినక్స్‌లో ఆడుతుంది, ఉబుంటులో అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అంటుంది, ఎందుకంటే ఉబుంటు జీసీసీ అప్పటిదాకా అవసరం పడని షేర్డ్ లైబ్రరీని వదిలేయమని లింకర్‌కి ముందే చెప్పి ఉంచుతుంది. అందుకని అన్నీ తీసేసి, లైబ్రరీ ఎక్కడుందో చెప్పే పీకేజీ కాన్ఫిగ్ టూల్ వాడే మేక్‌ఫైల్ ఉదాహరణ ఒక్కటే ఉంచినాం, సీమేక్ లేనివాళ్ళకి అది చాలు.

ఇంక మిగతావి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లలు, పులివెందుల నుంచి కొందరు వర్క్‌షాపుకి వచ్చినారు, కోడ్ రాయడం కంటే ముందు ఒక ఉదాహరణని ఖాళీ ఫోల్డర్‌లోకి కాపీ చేసి కట్టించడమే మొదటి పాఠంగా పెట్టినాం, మంచిగా కుదిరింది. మే నెల ఎండలకి మీటింగులు సాయంత్రానికి మార్చినాం, ఈసారీ అట్లే. ఖర్చులు పెద్దగా లేవు, పబ్లిక్ రిపోజిటరీ కాబట్టి గిట్‌హబ్‌లో సీఐకి డబ్బు కట్టే పని లేదు, హాలు బాడుగ, టీ, కారం దోశలు అంతే, లెక్కలు కోశాధికారి సమావేశంలో చదువుతారు. స్క్రిప్టుల్లోని కామెంట్లన్నీ తెలుగులో కూడా రాయాలనుకున్నాం, సగమే అయ్యింది, చేయి కలిపేవాళ్ళు కావాల.

సమావేశంలో ఓటు వేయాల్సిన విషయం ఒకటే ఉంది, కనీస వెర్షన్ని 3.16 నుంచి 3.22కి పెంచాలనే ప్రతిపాదన. 3.16 పెట్టిందే ఉబుంటు 20.04 కోసం, దానికి మామూలు సపోర్టు 2025 మే నెలతో అయిపోయింది, 22.04లో 3.22 వస్తుంది, 24.04లో 3.28. పెంచితే ఆ ఇఫ్ ఇంకా శుభ్రంగా రాసుకోవచ్చు, ప్రీసెట్లు, అంటే ముందే రాసిపెట్టిన బిల్డ్ సెట్టింగులు, కూడా పెట్టుకోవచ్చు. నా అభిప్రాయం అడిగితే, కాలేజీ ల్యాబుల్లో ఇంకా 20.04 ఉన్నచోట్ల పిల్లల్ని మనమే బయట నిలబెట్టినట్టు అవుతుంది, ఇంకో ఏడాది ఆగుదామంటా. కానీ నా దగ్గర ఉన్నది అనుమానమే, లెక్క కాదు. మీ ఊరి ల్యాబుల్లోకి పోయే వీలున్నవాళ్ళు అక్కడ టెర్మినల్ తెరిచి సీమేక్ వెర్షన్ ఎంతుందో చూసి, కాలేజీ పేరు అక్కర్లేదు, వెర్షన్ నంబరు మాత్రం గ్రూపులో పెట్టండి, సమావేశం నాటికి ఎన్ని వస్తే అన్నింటిని చూసుకోని ఓటు వేద్దాం.