అరంగుళం ఫిట్టింగ్ అంటే ఏ అరంగుళం?

సంపాదకులు గారికి నమస్కారం.

మాది హిందూపురం. బెంగళూరు పీణ్యాలో హైడ్రాలిక్ హోస్‌లు (మెషీన్లలో ఒత్తిడితో ఆయిల్ పారే గొట్టాలు) కట్టే షాపు పెట్టి 19 ఏళ్లయింది. మీ పత్రిక రోజూ షాపుకు వస్తుంది. జేసీబీలు, టిప్పర్లు, బోరు బండ్లు నడిపే మనవాళ్లు హోస్ కట్టేదాకా బెంచీ మీద కూర్చుని చదువుతారు. వాళ్ల కళ్లబడాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎవరొచ్చినా "అన్నా, అరంగుళం ఫిట్టింగ్ ఒకటి ఇవ్వు" అంటారు. ఏ అరంగుళం? ఫిట్టింగ్ అంటే హోస్ చివర ఉండే మరల జాయింటు. అరంగుళం హోస్‌కు పట్టే మూడు రకాల ఫిట్టింగ్‌లు మా బెంచీ మీద పక్కపక్కనే ఉంటాయి. జేఐసీ (అమెరికా రకం) థ్రెడ్, అంటే మరల, బయటి కొలత 19 మి.మీ., బీఎస్‌పీది (బ్రిటిష్ పైపు రకం) దాదాపు 21, మెట్రిక్‌ది (మిల్లీమీటర్ల రకం) 22. కంటికి మూడూ ఒకటే. పైగా బీఎస్‌పీలో అరంగుళం అనేది పాతకాలపు ఇనుప పైపు లోపలి బోరును బట్టి వచ్చిన పేరు, మరల మీది కొలత కాదు. స్కేలు పెట్టి చూసి "ఇది ముప్పావు కదా" అని వాదించేవాళ్లు అందుకే ఉంటారు.

అన్నిటికంటే మోసం చేసేది బీఎస్‌పీ, ఎన్‌పీటీ (అమెరికా పైపు రకం) జోడీ. పావు అంగుళంలో బీఎస్‌పీకి అంగుళానికి 19 మరలు, ఎన్‌పీటీకి 18. పిచ్ గేజ్ (మరల ఎడం చూసే పళ్ల రేకు) పెడితే తేడా తెలిసిపోతుంది. అరంగుళం, ముప్పావు దగ్గరికొస్తే రెండిటికీ 14 మరలే. తేడా అంతా మర కోణంలో ఉంది: బీఎస్‌పీది 55 డిగ్రీలు, ఎన్‌పీటీది 60. గేజ్‌ను మరల్లో ఆనించి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే సరిపడని చోట సన్నటి వెలుగు గీత కనబడుతుంది. చూడటానికి ఒక్క నిమిషం చాలు.

ఆ నిమిషం ఎవరూ చూడకపోవడం వల్ల పోయిన నెల ఒక చిన్న వర్క్‌షాపు ప్రెస్ ఆగిపోయింది. అమెరికా మెషీన్, పోర్టు ఎన్‌పీటీ. ఎక్కడో కొన్న బీఎస్‌పీ టేపర్ (చివరికి సన్నబడే మర) అడాప్టర్ బిగించారు. చేత్తోనే రెండు మూడు చుట్లు తిరిగింది, స్పానర్‌తో గట్టిగా కూర్చుంది, దాంతో సరైనదే అనుకున్నారు. ఆయిల్ కారితే టెఫ్లాన్ టేపు చుట్టారు, మళ్లీ కారితే ఇంకాస్త చుట్టారు. నా దగ్గరికి వచ్చేసరికి పోర్టు మరలు నలిగిపోయాయి. వాల్వు విప్పితే స్పూల్‌కు (లోపల జరిగే కడ్డీకి) తెల్లటి టేపు పోగు వెంట్రుకలా చుట్టుకుని ఉంది. పాపం, ఆయన వాల్వు బ్లాకు మొత్తం మార్చుకోవాల్సి వచ్చింది.

డబ్బు పోతే సంపాదించుకోవచ్చు. కొన్నేళ్ల కిందట ఒక కుర్రాడు కారే జాయింటును వేలితో తడిమి చూశాడు. ముల్లు గుచ్చుకున్నట్టు ఉందన్నాడంతే, రక్తం కూడా రాలేదు. రాత్రికి చెయ్యి వాచిపోయింది. 200 బార్ (మామూలు గాలి పీడనానికి దాదాపు 200 రెట్లు) ఒత్తిడిలో సన్నటి రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఆపరేషన్ చేసి కడిగారు. దయచేసి లీకేజీని చేత్తో వెతక్కండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. గుచ్చుకున్నట్టు అనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకో సంగతి. పారలల్ థ్రెడ్డయితే (పొడవునా ఒకే లావు ఉండేది) మరలు పట్టుకుంటాయి గానీ ఆయిల్‌ను ఆపవు. ఆపేది ఓరింగో (రబ్బరు రింగు), డౌటీ వాషరో (రబ్బరు అంచున్న వాషర్), లోపలి కోనో (ఏటవాలుగా ఉండే ముఖం). కోను జేఐసీకి 37 డిగ్రీలు, చాలా జపాన్ మెషీన్లకు 30, మెట్రిక్‌లో ఎక్కువగా 24. మరలు కలిసినా కోను కలవకపోతే ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. కాబట్టి పాత ఫిట్టింగ్ పారేయకుండా తుడిచి వెంట తెచ్చుకోండి, అవతలి వైపుది కూడా.

ఫిట్టింగ్‌లు అమ్మే సోదరులకు నా విన్నపం: బిల్లు మీద "అరంగుళం" అని రాసి వదిలేయకండి. పారలల్ బీఎస్‌పీ అయితే "జి", టేపర్ అయితే "ఆర్", లేదంటే ఎన్‌పీటీ, జేఐసీ, మెట్రిక్ అని రాయండి, కోను డిగ్రీ కూడా వేయండి. ఈ నెల నుంచి మా బిల్లుల మీద అలాగే రాస్తున్నాం.

ఇట్లు,
ఒక హైడ్రాలిక్ హోస్ మెకానిక్,
పీణ్యా, బెంగళూరు