పిల్లల మొదటి ట్రయల్స్ బైకు: ఈ సీజన్ నుంచి మా దుకాణం పద్ధతి

మా దుకాణానికి వచ్చే తెలుగు కుటుంబాలన్నిటికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ చుట్టుపక్కల నుంచి పిల్లల్ని ట్రయల్స్ అనే మోటార్‌సైకిల్ ఆటలో చేర్పించాలని వచ్చే మనవాళ్లు ఈమధ్య పెరిగారు. వారిలో ఎక్కువమంది అడిగేది మొదటి బైకు గురించే కాబట్టి, మేము తీసుకున్న ఒక నిర్ణయాన్నీ దాని వెనక ఉన్న కారణాలనూ వివరంగా తెలియజేస్తున్నాను. ఈ సీజన్ నుంచి, బైకు నడపబోయే అబ్బాయో అమ్మాయో స్వయంగా వచ్చి ఎక్కి చూడనిదే వారి మొదటి ట్రయల్స్ బైకును మేము అమ్మము. ఫోన్‌లో వయసు చెప్పి బుక్ చేసుకోవడానికి గాని, పుట్టినరోజుకు పిల్లలకు తెలియకుండా తెప్పించడానికి గాని ఇకపై వీలుండదు.

కొత్తగా వస్తున్నవారి కోసం ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. ట్రయల్స్ వేగానికి సంబంధించిన పందెం కాదు. రాళ్లు, వాగులు, చెట్ల వేళ్లు, బురద గట్లు ఉన్న చోట టేపులు కట్టి గుర్తించిన చిన్న చిన్న సెక్షన్లను కాలు నేలకు తగలకుండా దాటాలి. ఒకసారి కాలు పెడితే 1 మార్కు, రెండుసార్లు పెడితే 2, అంతకు మించితే 3, పడిపోయినా హద్దు దాటినా 5 పడతాయి. చివరికి ఎవరికి తక్కువ మార్కులు వస్తే వారే గెలిచినట్లు. సెక్షన్‌లో ఉన్నంతసేపూ నిలబడే నడుపుతారు కాబట్టి ఈ బైకులకు చెప్పుకోదగ్గ సీటే ఉండదు, అందువల్ల మామూలు బైకులకు చూసినట్లు సీటు ఎత్తును బట్టి కొలత చూసుకోవడం ఇక్కడ పనికిరాదు.

ఎదిగే పిల్లవాడని స్కూలు యూనిఫాం నాలుగు వేళ్లు వదులుగా కుట్టించడం మన ఇళ్లలో అందరికీ అలవాటే, అందులో తప్పేమీ లేదు. అయితే అదే ఆలోచనతో తొమ్మిదేళ్ల పిల్లకు 125 సీసీ బైకు కొనాలని వచ్చేవారిని నేను గట్టిగా వారిస్తున్నాను. 125 అన్న అంకె చూసి అది చిన్న బైకు అనుకుంటారు గాని, చాలా కంపెనీలు 125కూ 250కూ 300కూ ఒకే ఫ్రేము, ఒకే చక్రాలు, ఒకే సస్పెన్షన్ వాడతాయి. తగ్గేది ఇంజన్ సత్తా మాత్రమే. బరువు దాదాపు పెద్దల బైకుదే, అంటే 70 కిలోలకు అటూ ఇటూ. పాతిక, ముప్పై కిలోల పిల్ల ఆ బైకును గట్టు మీద ఒక పక్కకు ఒరిగినప్పుడు నిలపలేదు. రెండు మూడుసార్లు దాని కింద పడిన తరువాత ఆ పిల్ల బైకు ఒరగకముందే కాలు కింద పెట్టేయడం నేర్చుకుంటుంది, ఆ అలవాటు మాన్పించడానికి పట్టే కాలం సరైన బైకు మీద ఆట నేర్చుకోవడానికి పట్టే కాలం కంటే ఎక్కువ.

మా వెనక పెరట్లో చేసే పరీక్ష చాలా సులువైనది. ఇంజన్ ఆపి ఉన్న బైకు ముందు చక్రాన్ని నేను మోకాళ్ల మధ్య పట్టుకుంటాను, పిల్ల ఫుట్‌రెస్టుల మీద నిలబడుతుంది. మోకాళ్లు కొద్దిగా వంచి నిలబడినప్పుడు చేతులు చాచినట్లు బిగుసుకుపోకుండా మోచేతులు బయటికి తిరిగి ఉండాలి. తరువాత హ్యాండిల్‌ను ఒక చివర నుంచి మరొక చివరకు తిప్పమంటాను. బయటి వైపు చెయ్యి అందక భుజం లాగేస్తుంటే ఆ బైకు పెద్దదైనట్లే. ఆపైన ఒక్క చూపుడు వేలితో క్లచ్ నొక్కి పది లెక్కపెట్టేదాకా పట్టుకోమంటాను. లివరును స్క్రూతో చేతికి దగ్గరగా జరిపినా, ఆరేడు దగ్గరికి వచ్చేసరికి వేలు వణికి రెండో వేలు సాయం వస్తే కొన్నాళ్లు ఆగమనే చెబుతాను, ఎందుకంటే సెక్షన్‌లో ఆ క్లచ్‌ను వందలసార్లు నొక్కి వదలాలి, మిగిలిన వేళ్లు హ్యాండిల్ వదలకూడదు. చివరగా బైకును గడ్డి మీద పడుకోబెట్టి లేపమంటాను. ఎవరి సాయమూ లేకుండా లేపగలిగితే చాలు, ఎంతసేపు పట్టినా ఫరవాలేదు.

ఇంకా క్లచ్ నొక్కలేని చిన్న పిల్లలకు నా మొదటి సలహా క్లచ్ అవసరం లేని ఎలక్ట్రిక్ బైకే. బ్రిటన్‌లోనే ఒక తండ్రి తన కొడుకు కోసం తయారు చేసిన బైకుతో మొదలైన ఓసెట్ కంపెనీని 2022లో మోటార్‌సైకిళ్లు తయారుచేసే ట్రయంఫ్ సంస్థ కొనుగోలు చేసింది. ఆ బైకుల పేర్లలో ఉండే 12.5, 16, 20, 24 అన్న అంకెలు చక్రం కొలతను అంగుళాల్లో చెబుతాయి. వేగం, శక్తి, థ్రాటిల్ స్పందన దేనికది తగ్గించుకునే నాబులు వాటిలో ఉన్నాయి, పిల్లకు ధైర్యం వచ్చేకొద్దీ తల్లిదండ్రులే వాటిని కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. చప్పుడు లేకపోవడం వల్ల పక్కన నడుస్తూ మీరు చెప్పే మాట పిల్లకు వినపడుతుంది, నేర్పేవారికి అంతకంటే కావలసిందేమిటి? పాత ఓసెట్ కొనేవారు మాత్రం అందులో ఉన్నది లెడ్ యాసిడ్ బ్యాటరీయా లిథియమా అన్నది తప్పక కనుక్కోవాలి, ఎందుకంటే లెడ్ యాసిడ్ వాటి బరువు ఎక్కువ, చార్జింగ్ చేయకుండా చలికాలమంతా షెడ్డులో వదిలేస్తే అవి పాడైపోతాయి.

క్లచ్ పరీక్షలో నెగ్గిన పిల్లలకు 80 సీసీ టూ స్ట్రోక్ బైకులు ఉన్నాయి. బీటా కంపెనీ వారి ఈవో 80లో చిన్న చక్రాల జూనియర్, పూర్తి చక్రాల సీనియర్ అని రెండు రకాలున్నాయి. మా దగ్గర ఎక్కువగా కుదిరేది జూనియరే. 1970లలో వచ్చిన యమహా టీవై 80 ఇప్పటికీ దొరుకుతుంది, దాని మీద నాకు ఎంతో ఇష్టం ఉన్నా బ్రేకులు, సస్పెన్షన్ ఆ కాలానివి కావడం వల్ల మరమ్మతు స్వయంగా చేసుకోగల తల్లిదండ్రులకు తప్ప సిఫారసు చేయను. స్పెయిన్ రైడరు టోనీ బౌ 2007 నుంచి 2024 దాకా ఏటా మోంటెసా కంపెనీ బైకు మీదనే ప్రపంచ విజేతగా నిలిచాడని పిల్లలు మోంటెసా అడుగుతుంటారు. ఆయన నడిపే కోటా అనే మోడల్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఉన్న పెద్దల బైకు, దానికి వారు ఎదిగాక రావచ్చు.

ఇక డబ్బు విషయం దాచకుండా చెప్పాలి. కొత్త 125 అమ్మితే మాకు మిగిలేది, వాడిన 80 అమ్మితే మిగిలే దానికంటే ఎక్కువ. ఈ పద్ధతి వల్ల కొందరు వేరే దుకాణానికి వెళ్తారని కూడా తెలుసు. చిన్న బైకులు అరిగిపోకముందే పిల్లలు ఎదిగిపోతారు కాబట్టి వాడిన వాటికి ధర తొందరగా పడిపోదు, దొరకడం కూడా కష్టమే. మీ పిల్లకు సరిపోయే కొలత మా దగ్గర లేకపోతే వారాల తరబడి ఆగవలసి రావచ్చు. అందుకే మా దగ్గర కొన్న చిన్న బైకును పిల్ల ఎదిగాక మేమే తిరిగి తీసుకుని, దాని అప్పటి స్థితిని బట్టి ధర కట్టి, తరువాతి బైకు ఖరీదులో తగ్గిస్తాము. ఎంత తగ్గిస్తామో ముందే కాగితం మీద రాసివ్వలేము, ఎందుకంటే బైకును చూసుకునే తీరు ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది.

బయట కొనదలిచినవారు కూడా కొన్ని చూసుకోవాలి. వెనక చక్రాన్ని పైకెత్తి అటూ ఇటూ ఊపితే లొడలొడలాడితే వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ బేరింగులో, దాన్ని సస్పెన్షన్‌కు కలిపే లింకేజీ బేరింగులో పోయినట్లు. ముందు చక్రాన్ని గాలిలోకి లేపి హ్యాండిల్ తిప్పినప్పుడు మధ్యలో పట్టేసినట్లు ఆగితే స్టీరింగ్ బేరింగు మార్చాలి. ఇంజన్ కింది రేకు మీద గీతలు సహజమే గాని అది లోపలికి సొట్టపడి ఉంటే కొనవద్దు. ఫ్రేము నంబరు గీకేసి ఉన్న బైకును ఎంత చవగ్గా ఇస్తానన్నా ముట్టుకోవద్దు.

కొన్న తరువాత ఎక్కడ నడపాలన్నది కూడా ముందే ఆలోచించుకోవాలి. ఈ దేశంలో పార్కుల్లో, నడకదారుల్లో, ఊరి ఉమ్మడి స్థలాల్లో నడపడం చట్టవిరుద్ధం, పోలీసులు బైకును స్వాధీనం చేసుకోగలరు. యజమాని అనుమతి ఉన్న ప్రైవేటు స్థలంలోనో, బ్రిటన్‌లో మోటార్‌సైకిల్ క్రీడలను పర్యవేక్షించే ఆటో సైకిల్ యూనియన్ గుర్తింపు ఉన్న క్లబ్బు నడిపే ట్రయల్స్‌లోనో మాత్రమే నడపాలి. ట్రయల్స్‌లో ఏడుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన డౌగీ లాంప్‌కిన్ పుట్టిన సిల్స్‌డెన్ మనకు దగ్గరే, యార్క్‌షైర్‌లో పిల్లలకు తరగతులు పెట్టే క్లబ్బులకు కొదవ లేదు. పిల్ల పడిపోగానే ఇంజన్ ఆగేలా మణికట్టుకు కట్టుకునే అయస్కాంతపు తాడు మేము అమ్మే ప్రతి పెట్రోలు బైకుకూ మా ఖర్చుతోనే బిగించి ఇస్తాము.

పరీక్షకు శనివారాల్లో, ఉదయం పూట, ముందుగా ఫోన్ చేసి రండి. పిల్లకు చీలమండ దాటి పైకి వచ్చే బూట్లు, చేతి గ్లవ్స్ వేసి తీసుకురండి. గ్లవ్స్ లేకుండా అందిన క్లచ్ గ్లవ్స్ వేసుకున్నాక అందకపోవచ్చు. హెల్మెట్ మీకు లేకపోతే మా దగ్గర అన్ని సైజులూ ఉన్నాయి. ఆ రోజే కొనాలన్న నియమం ఏమీ లేదు, పరీక్షకు రుసుమూ లేదు.